వైరింగు హాలులో ఆరు పేర్లు

విమానాలు తయారయ్యే ఆ కర్మాగారంలో ముడులక్కను అసలు పేరుతో పిలిచే మనిషి హాజరు తీసుకునే గుమస్తా ఒక్కడే. మిగతా అందరికీ ఆవిడ ముడులక్క. ఇరవై ఆరేళ్ళుగా వైర్ల కట్టలకు మైనం పట్టించిన దారంతో ముడులు వేస్తున్న చెయ్యి అది. బెత్తెడుకో ముడి. కొత్తగా చేరినవాళ్ళు స్కేలు పెట్టి కొలుచుకునేవారు. ముడులక్క నాలుగు వేళ్ళు ఆనించి చూసుకునేది, అంతే. తర్వాత ఎవరు కొలిచినా వెంట్రుకవాసి తేడా వచ్చేది కాదు.

వైరింగు హాలంటే పొడవాటి రేకుల షెడ్డు. దాని పొడుగునా రెండు వరసల చెక్క బల్లలు. ఒక్కో బల్ల మీద విమానంలో ఒక్కో భాగానికి కావలసిన వైర్ల దారి అసలు కొలతల్లో గీసి ఉంటుంది. గీతల వెంట మేకులు దిగేసి ఉంటాయి. ఆ మేకుల నడుమ ఒక్కో వైరూ నంబరు చూసి పరిచి, కట్టగా కూర్చి, ముడులు వేసి, కొసలకు పిన్నులు బిగించి, చివరికి బల్ల మీదనుంచి లేపాలంటే నలుగురు మనుషులు కావాలి. ఒక్క విమానానికి అలాంటి కట్టలు నూటికి పైగా పడతాయి. ముప్ఫై ఒక్క మంది ఆడవాళ్ళు ఆ పనిలో ఉన్నారు.

కట్టలను విమానంలో అమర్చేటప్పుడు కూడా ముడులక్కకే కబురొచ్చేది. పొట్టి మనిషి, సన్నటి చేతులు. మగవాళ్ళ భుజాలు పట్టని సందుల్లోకి ఆవిడ దూరిపోయేది. నేల పలకల కింద, సామాను గది పైకప్పు వెనక, ఏ లోహపు బద్దకు ఎక్కడ చిల్లు ఉందో, ఆ చిల్లు అంచున రబ్బరు రింగు ఏ వైపు వదులో ఆవిడకు తన వంటింట్లో డబ్బాలు తెలిసినంత బాగా తెలుసు.

అలాంటి ముడులక్క సొంత మరిదే వైర్లు లేని విమానం పథకంలో ఇంజనీరు.

ఆవిడ కాపురానికి వచ్చేనాటికి ఆ మరిది పదో తరగతి. లెక్కల పరీక్ష రోజున ముద్దలు కలిపి పెట్టి పంపింది తనే. చదువయ్యాక అదే కర్మాగారంలో చేరి, అంచెలంచెలుగా పైకొచ్చాడు. పెళ్ళయ్యాక అతని భార్యను వైరింగు హాలులో చేర్పించి, చెయ్యి పట్టి పని నేర్పింది కూడా ముడులక్కే. తోడికోడళ్ళిద్దరూ తొమ్మిదేళ్ళుగా ఒకే బస్సులో వెళ్ళి ఒకే బస్సులో వస్తున్నారు. ఇల్లూ ఒకటే. కింది వాటాలో పెద్దవాళ్ళు, పై వాటాలో చిన్నవాళ్ళు. ఆదివారం మధ్యాహ్నం భోజనం మాత్రం అందరికీ కిందనే.

పథకం సంగతి ముడులక్కకు మొదటినుంచీ తెలుసు. ప్రతి దీపానికీ, ప్రతి తలుపు స్విచ్చికీ, వేడినీ పొగనూ కనిపెట్టే ప్రతి సెన్సరుకూ ముందునుంచి వెనకదాకా వైరు లాగడం ఎందుకు, సెన్సరు పక్కన చిన్న రేడియో పెట్టి కబురు గాల్లోనే పంపేస్తే సరిపోతుంది కదా అన్నది ఆ పథకం. కరెంటు మోసే లావు వైర్లు ఉంటాయి, విమానాన్ని నడపడానికి తప్పనిసరైనవి ఉంటాయి, మిగతావన్నీ పోతాయి. బరువు తగ్గుతుంది, ఇంధనం ఆదా అవుతుంది. వైరు లోహానికి రాసుకుని రాసుకుని ఒలిచిపోయి నిప్పు రాజుకునే బెడదా తగ్గుతుంది. ఈ చివరి మాట దగ్గర ముడులక్క నోరు మూతపడేది. అలా ఒలిచిపోయిన వైర్లను ఎన్నింటిని తన చేతులతో మార్చిందో ఆవిడకే ఎరుక. కాదనడానికి మాట దొరికేది కాదు. అవుననడానికి మనసొప్పేది కాదు.

ఆ ఆదివారం మరిది కంచం ముందు కూర్చుని అన్నంలో వేలితో గీతలు గీస్తున్నాడు.

"ఏమయ్యా, కంచంలో కూడా డ్రాయింగేనా? కూర బాగోలేదా ఏంటి?" అంది ముడులక్క.

"కూరకేం వదినా. నా బుర్రే బాగోలేదు. వెనక సామాను గదిలో పొగ సెన్సరు ఒకటి చచ్చినా నా మాట వినడం లేదు."

"ఇంట్లోనే మీ మాట వినేదెవరు కనక," అంది తోడికోడలు, మజ్జిగ పోస్తూ. ముడులక్క భర్త ఫక్కున నవ్వాడు. ఆయన సిటీ బస్సు డ్రైవరు. వారమంతా ట్రాఫిక్కులో మౌనంగా ఉండి ఆదివారం నవ్వులన్నీ ఒకేసారి నవ్వేసే మనిషి.

మరిది నవ్వలేదు. "గది ఖాళీగా ఉన్నంతసేపూ బానే పలుకుతుంది. సామాను నింపామా, మూగబోతుంది. నీళ్ళ డ్రమ్ములు పెట్టినా అంతే, ఇనప పెట్టెలు పెట్టినా అంతే. మధ్యలో కబురందుకునే పెట్టెను పద్నాలుగు చోట్లకు మార్చి చూశాం. శుక్రవారం తనిఖీవాళ్ళు వస్తున్నారు. ఆలోపు కుదరకపోతే ఈ మోడలుకు మళ్ళీ వైర్లే. ఇంకో రెండేళ్ళదాకా మా మొహం ఎవరూ చూడరు."

తోడికోడలు మజ్జిగ గిన్నె కింద పెట్టి ముడులక్క వైపు చూసింది. ఆ చూపులో సంతోషం దాగలేదు.

ముడులక్క చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. మరిది చెబుతుండగానే ఆవిడకు ఆ చోటు కళ్ళముందు కనబడింది. సామాను గది పైకప్పు వెనకాల ఎడంవైపు మూడో బద్ద. దానికి పిడికిలి పట్టేంత చిల్లు. ఇన్నేళ్ళూ తను కట్టిన కట్ట ఒకటి అందులోంచే పోయేది. ఇప్పుడా కట్ట తీసేశారు కనక చిల్లు ఖాళీ. అక్కడ పైకప్పు వంపు తిరుగుతుంది కాబట్టి సామాను ఎంత కుక్కినా ఆ మూలకు ఆనదు. కబురందుకునే పెట్టెను ఆ చిల్లులో పెడితే దానికీ సెన్సరుకూ మధ్య ఏదీ అడ్డు రాదు. డ్రాయింగులో ఆ చిల్లు లేకపోలేదు. కానీ డ్రాయింగులో అలాంటివి మూడొందల పైచిలుకు ఉన్నాయి. దేని ముందు ఖాళీ మిగులుతుందో లోపలికి చెయ్యి పెట్టిన మనిషికే తెలుస్తుంది.

"ఇంకాస్త కూర వెయ్యనా?" అంది.

సోమవారం హాలులో పండగలా ఉంది. పొగ సెన్సరు మొండికేసిందన్న వార్త తోడికోడలు చెప్పక్కర్లేకుండానే అందరికీ చేరిపోయింది. పొడుగావిడ అని అందరూ పిలిచే ఆవిడ, ముడులక్క పక్క బల్ల మనిషి, మధ్యాహ్నం టిఫిను డబ్బా మూత తీస్తూ అంది: "మొగుడు ఓడిపోవాలని కోరుకునే ఇల్లాల్ని మన హాలులోనే చూస్తున్నాం." తోడికోడలు సిగ్గుపడకుండా, "ఆయన ఓడిపోతే రెండ్రోజులు అలుగుతాడు. గెలిస్తే ముప్ఫై మందిమి ఇంట్లో కూర్చోవాలి. ఏది నయం?" అంది. అందరూ నవ్వారు. ముడులక్క కూడా నవ్వింది. నవ్వాక దవడలు నొప్పి పుట్టాయి.

మంగళవారం సాయంత్రం భర్త డ్యూటీ దిగి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే, తువ్వాలు పట్టుకుని నిలబడి సంగతి చెప్పేసింది.

ఆయన రెండో కాలు కూడా కడుక్కున్నాడు. తర్వాత, "చెప్తే హాలులోవాళ్ళకు నిద్ర ఉండదు. చెప్పకపోతే నీకు ఉండదు," అన్నాడు.

"మరి ఏం చెయ్యమంటారు?"

"నన్నడుగుతావేంటి? నేను సిగ్నలు పడితే ఆగుతాను, తీస్తే పోతాను. నా ఉద్యోగం అంతవరకే." తువ్వాలు తీసుకుని మొహం తుడుచుకుంటూ, "చెప్పకు. నిన్నెవరూ అడగలేదుగా," అన్నాడు.

నిజమే, ఎవరూ అడగలేదు. ఆ మాట పట్టుకుని ముడులక్క బుధవారం పొద్దున పనిలోకి వెళ్ళింది. పది గంటలకు కబురొచ్చింది. పరీక్షల కోసం పెట్టిన విమానంలో వైర్ల కట్టలను పట్టి ఉంచే పాత క్లిప్పులు కొన్ని మిగిలిపోయాయట, తీయడానికి సన్నటి చేతులు కావాలట.

విమానం వెనక సామాను గదిలో మరిది ఒక్కడే ఉన్నాడు, నీళ్ళ డ్రమ్ముల మధ్య బోర్లించిన బక్కెట్టు మీద, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని. రెండ్రోజుల గడ్డం. అయినా మొహంలో కాస్త తేట కనబడింది.

"గట్టెక్కే దారి దొరికింది వదినా."

ముడులక్కకు ఒక్కసారిగా ఊపిరి తేలికైంది. దారి అతనికే దొరికితే తన గొడవ తీరిపోయినట్టే. "చిల్లు కనబడిందా?" అనబోయి ఆపుకుంది. "ఏం దారి?" అంది.

"సెన్సరు నుంచి కబురు రాకపోతే వెంటనే లోపం అని చూపించకుండా నలభై సెకన్లు ఆగమని చెప్తాం. ఆ నలభై సెకన్లలో ఎప్పుడో ఒకప్పుడు ఒక్క పలుకైనా పలుకుతుంది. దాంతో అంతా బాగున్నట్టే లెక్క. నిబంధనల్లో ఎక్కడా తప్పని లేదు. తనిఖీ గట్టెక్కుతుంది."

"ఆ నలభై సెకన్లలోనే నిజంగా పొగొస్తే?"

మరిది లాప్‌టాప్ మూత సగం దించాడు. "మామూలుగా అలా జరగదు వదినా."

"జరిగితే?"

అతను డ్రమ్ము మీద చెమ్మను వేలితో తుడిచాడు. ముడులక్క అతన్ని చూసింది. చెడ్డవాడు కాదు. పద్నాలుగు చోట్ల వెతికి అలిసిపోయిన మనిషి. ఆవిడ నోరు విప్పకపోతే హాలు నిలుస్తుందని కదా మూడు రోజులుగా నోరు కుట్టుకుని కూర్చుంది. ఇప్పుడు విప్పకపోయినా వైర్లు పోతాయి. పైగా ఈ గది మీద సీట్లలో మనుషులు కూర్చుంటారు.

"ఆ టార్చి ఇటివ్వు," అంది.

డ్రమ్ముల పైనుంచి పాకి, పైకప్పు పలక ఒకటి విప్పి, భుజం దాకా చెయ్యి లోపలికి పెట్టింది. తర్వాత అతని చెయ్యి అడిగింది. ముంజేయి పట్టుకుని, చిన్నపిల్లలచేత పలక మీద దిద్దించినట్టు, ఆ చిల్లు అంచు దాకా నడిపించింది.

"తగిలిందా?"

"తగిలింది," అన్నాడు మరిది. కాసేపు ఆ అంచును తడుముతూనే ఉన్నాడు. "వదినా, నీకు ఇది ముందే తెలుసా?"

ముడులక్క క్లిప్పులు తీసే పనిలో పడింది.

శుక్రవారం తనిఖీవాళ్ళు డ్రమ్ములు పెట్టించారు, ఇనప పెట్టెలు పెట్టించారు, తడి గోనెసంచులు కూడా తెప్పించారు. సెన్సరు ఒక్క సెకను తప్పకుండా పలికింది. నలభై సెకన్ల మాట మళ్ళీ ఎవరి నోటా రాలేదు.

శనివారం ఉదయం పెద్ద షెడ్డులో సభ పెట్టారు. అందరినీ రమ్మన్నారు. వైరింగు హాలు ఆడవాళ్ళు వెనక వరసలో గోడకు ఆనుకుని నిలబడ్డారు. పెద్దవాళ్ళు మాట్లాడాక మరిదికి మైకు ఇచ్చారు. అతనికి సభల్లో మాట్లాడే అలవాటు లేదు. కాగితంలో రాసుకున్నది చదివేసి, దిగిపోబోయి, ఆగాడు.

"ఇంకొక్క మాట. ఈ గెలుపు నాది కాదు. మేం పద్నాలుగు చోట్ల వెతికి చేతులెత్తేశాం. దారి చూపించింది మా వదిన. వైరింగు హాలులోనే పనిచేస్తారు. అదుగో, అక్కడే ఉన్నారు."

మనస్ఫూర్తిగా అన్న మాట. ముందు వరసల్లో చప్పట్లు మోగాయి. తలలన్నీ వెనక్కి తిరిగాయి. ముడులక్క గోడకు ఇంకా ఆనుకుంది, కానీ గోడ అంతకన్నా వెనక్కి పోలేదు. పక్కనున్న పొడుగావిడ మెల్లగా అడుగు పక్కకు వేసింది. ఒక్క అడుగే. తోడికోడలు చప్పట్లు కొట్టడానికి ఎత్తిన చేతులు అలాగే ఉన్నాయి, తగల్లేదు.

ఆ సాయంత్రం బస్సులో తోడికోడలు అడిగింది, "ఎందుకు చెప్పావక్కా?"

నలభై సెకన్ల సంగతి చెప్పాలంటే మరిది పరువు తీయాలి. అది కూడా అతని పెళ్ళాం ముందు. "నోరు జారింది," అంది ముడులక్క.

"నీకెప్పుడు జారింది నోరు?" అంది తోడికోడలు. ఇల్లు చేరేదాకా కిటికీలోంచి బయటికే చూసింది.

పది రోజుల తర్వాత మేనేజరు ముడులక్కను తన గదికి పిలిచాడు. మర్యాదస్తుడు. కుర్చీ చూపించాడు, మంచినీళ్ళు ఇప్పించాడు. మిగిలే వైరింగు పనికి ఆరుగురు చాలని పైవాళ్ళు తేల్చారన్నాడు. ఆ ఆరుగురూ ఎవరో సోమవారానికి రాసి ఇమ్మన్నాడు.

"నేనా? నేను రాయడమేంటండీ?"

"ఎవరి చెయ్యి ఎలాంటిదో మీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు చెప్పండి. మీరు రాయకపోతే కంప్యూటరు రాస్తుంది. దానికి మనుషులు తెలుస్తారా?"

"రాయనంటే?"

"మీ ఇష్టం. బలవంతం లేదు." కాస్త ఆగి, "కానీ మీరు రాస్తే కనీసం ఆ ఆరుగురైనా సరైనవాళ్ళుంటారు," అన్నాడు.

అంత మెత్తగా చెప్పిన మాటను ఎలా తోసెయ్యాలో ముడులక్కకు తెలియలేదు. బయటికొచ్చేసరికి ఆవిడ చేతిలో ఒక ఖాళీ కవరు ఉంది.

కవరు సంగతి హాలంతా తెలియడానికి గంట పట్టలేదు. నోరు విప్పి ఎవరూ ఏమీ అడగలేదు. అదే నరకమయింది. పొడుగావిడ మళ్ళీ పక్కకొచ్చి కూర్చుని, తన పెద్దమ్మాయి చదువు ఇంకా రెండేళ్ళుందని ఊరికే మాటల్లో అంది. ఇంకొకామె తన బల్ల మీది కట్ట తెచ్చి, "చూడు ముడులక్కా, బాగా వచ్చిందా?" అంది, పదిహేనేళ్ళుగా ఎప్పుడూ అలా అడగని మనిషి. తోడికోడలు మాత్రం ఏమీ అడగలేదు. తన పేరు ఉంటుందా లేదా అన్న అనుమానమే ఆ పిల్లకు లేదు. ఆ ధీమా చూసి ముడులక్క ఆమె బల్ల వైపు పోవడమే మానేసింది.

ఎందుకంటే తోడికోడలు చెయ్యి మంచిదే, కానీ తొందర చెయ్యి. ముడి కాస్త ఎక్కువ బిగిస్తుంది. ఎక్కువ బిగిసిన దారం వైరు తొడుగును కొరుకుతుంది. ఎన్నిసార్లు విప్పించిందో.

ఆదివారం పొద్దున, భర్త బజారుకు వెళ్ళాక, వంటింటి గట్టు మీద కాగితం పెట్టి రాయడం మొదలుపెట్టింది. తన పేరు మొదట్లోనే తీసేసింది. మిగిలింది ముప్ఫై మంది. ఒక్కొక్కరి మొహం కాకుండా చేతులు మాత్రమే తలుచుకోవడానికి ప్రయత్నించింది. ఐదు పేర్లు గబగబా పడ్డాయి. ఆరోది పొడుగావిడ, ఏడోది తోడికోడలు. ఏడు పేర్లు రాసి చాలాసేపు చూసింది. ఈ ఇద్దరిలో ఎవరు? పొడుగావిడ చెయ్యి నిదానం, తప్పు రాదు. తోడికోడలిని ఉంచితే రేపు ఊరంతా ఏమంటుందో తెలుసు. ఉంచకపోతే ఇంట్లో ఏమవుతుందో అదీ తెలుసు. చివరికి ఏడో పేరు మీద గీత కొట్టి, ఆరు పేర్లు వేరే కాగితం మీద శుభ్రంగా ఎత్తి రాసి, కవరులో పెట్టి అంటించింది. మొదటి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఉప్పు డబ్బా కింద ఉంచి మర్చిపోయింది.

మధ్యాహ్నం భోజనాలకు ముందు ఉప్పు కోసం వంటింట్లోకి వెళ్ళింది తోడికోడలు. చాలాసేపు రాలేదు. వచ్చి, ఉప్పు కంచాల్లో వడ్డించి, "నాకు ఆకలిగా లేదు," అని పైకి వెళ్ళిపోయింది. మరిది, "ఏమైంది వదినా?" అన్నాడు. ముడులక్క వంటింట్లోకి వెళ్ళి చూసింది. కాగితం గట్టు మీద, నాలుగు మడతలు విప్పి, పరిచి ఉంది.

సోమవారం కవరు మేనేజరు చేతికిచ్చింది. బుధవారం నోటీసు బోర్డులో ఆరు పేర్లు వచ్చాయి. ముడులక్క దగ్గరికి వెళ్ళి చదివింది. ఒకసారి చదివి, నమ్మకం కలగక వేలు పెట్టి మళ్ళీ చదివింది. తను రాసిన ఆరుగురిలో ఒక్కళ్ళే ఉన్నారు. పొడుగావిడ లేదు. తోడికోడలు ఉంది.

మేనేజరు గదికి వెళ్ళింది. ఆయన ఇబ్బందిగా లేచి నిలబడ్డాడు. "పైనుంచి వచ్చేసిందండీ. నలభై దాటనివాళ్ళను మాత్రమే ఉంచమన్నారు. ముందు ముందు వేరే పని నేర్పడానికి వీలుంటుందని. నలభై లోపువాళ్ళు సరిగ్గా ఆరుగురే ఉన్నారు. నా చేతుల్లో ఏమీ లేదు."

ఆయన బల్ల మీద ఫైళ్ళ పక్కన కవరు కనబడింది. అంటించింది అంటించినట్టే ఉంది.

"ఎవరూ చూడలేదా?" అంది ముడులక్క.

"చూసే అవసరం రాలేదండీ," అన్నాడు ఆయన తల దించుకుని.

కవరు వెనక్కి ఇమ్మని అడగాలనుకుంది. అడగలేకపోయింది. ఆ పేర్లు ఎవరూ చదవలేదని హాలులో చెబితే ఎవరు నమ్ముతారు? మిగతా ఆడవాళ్ళకు తెలిసిందల్లా కవరు ముడులక్క చేతిలో ఉండేదని, నోటీసులో ఆవిడ తోడికోడలి పేరు ఉందని. పొడుగావిడ తన బల్ల మీది కత్తెర, దారపు ఉండ, కళ్ళజోడు సంచిలో సర్దుకుంటూ, "పోన్లే ముడులక్కా, ఎవరైనా తనవాళ్ళనే చూసుకుంటారు," అంది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

"నేను నీ పేరు రాశాను," అంది ముడులక్క.

"అలాగే," అంది పొడుగావిడ.

మిగిలిన ఆరుగురికీ లావు వైర్ల పని చూపించడానికి ముడులక్కను ఇంకో పది రోజులు ఉండమన్నారు. ఇరవై బల్లలు అప్పటికే తీసేశారు. సిమెంటు నేల మీద వాటి కాళ్ళ గుర్తులు మాత్రం మిగిలాయి. కిటికీ దగ్గరి బల్ల చుట్టూ ఆరుగురు నిలబడేవారు. తోడికోడలు చివర నిలబడి, చెప్పింది చెప్పినట్టు చేసేది. అవసరమైతే "అవునండీ" అనేది. తొమ్మిదేళ్ళలో అక్కా అని తప్ప పిలవని మనిషి.

ఐదో రోజు మధ్యాహ్నం మిగతావాళ్ళు భోజనాలకు వెళ్ళాక ఇద్దరే మిగిలారు. తోడికోడలు దారం చుట్టుకుంటూ, తల ఎత్తకుండా అడిగింది.

"పొడుగావిడ కన్నా నేను పనికిరానిదాన్నా?"

ముడులక్క అబద్ధం వెతుక్కుంది. దొరకలేదు. "పనిలో ఆవిడ ఆరు, నువ్వు ఏడు," అంది.

"ఇంట్లో?"

తోడికోడలు కాసేపు చూసి, దారపు ఉండ బల్ల మీద పెట్టింది. "ఆయనకు సాయం చేశావు. ఎవరికో పేరు రాశావు. నేనొక్కదాన్నే నీకు కనబడలేదక్కా," అంది. అక్కా అన్న పిలుపు అలవాటుగా వచ్చేసింది. అన్నాక తనే పెదవి కొరుక్కుంది. టిఫిను డబ్బా తీసుకుని బయటికి వెళ్ళింది.

ముడులక్క చెప్పవలసినవి చాలా ఉన్నాయి. నలభై సెకన్లు ఉన్నాయి, ఆ సీట్లలో కూర్చునే మనుషులు ఉన్నారు, అంటించిన కవరు ఉంది. దేన్ని ముందు చెప్పినా మిగతావి సాకుల్లా వినబడతాయి. ఆవిడ ఖాళీ హాలులో నిలబడి, బల్ల మీది వైర్ల కొసలు ఒకటొకటిగా సమంగా సర్దింది.

పదో రోజు గేటు దగ్గర గుర్తింపు కార్డు అప్పగించడానికి వెళ్ళింది. కాపలా మనిషి పాతవాడే. ఒక ఫారం తీసి ముందు పెట్టాడు. పేరు, చేరిన తేదీ, మానిన తేదీ. కింద ఒక గడి: పని మానడానికి కారణం. పక్కన నాలుగు మాటలు అచ్చువేసి ఉన్నాయి: రాజీనామా, పదవీ విరమణ, బదిలీ, మరణం.

ముడులక్క పెన్ను పట్టుకుని ఆ నాలుగూ చదివింది.

"ఇందులో నాది లేదయ్యా," అంది.

కాపలా మనిషి ఫారం తనవైపు తిప్పుకుని అతనూ చదివాడు. ఇరవై నాలుగు మంది ఇదే మాట అన్నారని చెప్పాడు. "వాళ్ళకేం రాశావు?" అని అడిగింది ముడులక్క.

"దగ్గరగా ఉన్నది రాసేశానమ్మా. చివరిది మాత్రం కాదుగా. మిగతా మూడింట్లో ఏదైతేనేం. ఇక్కడ ఎవరు చూడొచ్చారు?" అని రాజీనామా దగ్గర టిక్కు పెట్టి సంతకం చెయ్యమన్నాడు. ముడులక్క చేసింది.

బస్సు వచ్చింది. మధ్యాహ్నం బస్సు కనక దాదాపు ఖాళీ. మూడో సీట్లో పొడుగావిడ కూర్చుని ఉంది, బయటెక్కడో పనికోసం అడగడానికి వెళ్ళి వస్తున్నట్టుంది, మంచి చీర కట్టుకుంది. ముడులక్కను చూసింది. పక్క సీట్లోని సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. ముడులక్క కూర్చుంది. ఇద్దరి స్టాపూ ఒకటే. ఇద్దరూ అక్కడే దిగారు.